గుడ్లు వేసి బేక్ చేసే మాకరోనీ చీజ్: అడుగున నీళ్లు, మధ్యలో పలుకులు ఎందుకొస్తున్నాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: వైట్ సాస్ లేకుండా, గుడ్లూ పాలూ కలిపి కస్టర్డ్‌లా గడ్డకట్టే మాకరోనీ చీజ్ చేస్తున్నారు. 200 డిగ్రీల్లో గంటసేపు పెడుతున్నారు. ముక్క కోయగానే అడుగున నీళ్లు చేరుతున్నాయి, నోట్లో గుడ్డు పొరటులా పలుకులు తగులుతున్నాయి. ఇంకో గుడ్డు వేస్తే సర్దుకుంటుందా అని అడిగారు.

సర్దుకోదు. గుడ్లు పెంచితే ఇంకా గట్టిపడి, గుడ్డు వాసన ఎక్కువవుతుంది తప్ప నీళ్లు ఆగవు. మీరు చెప్పిన రెండు లక్షణాలూ వేడి ఎక్కువైనందువల్ల వచ్చేవే. గుడ్డులోని ప్రోటీన్లు వేడికి విచ్చుకుని, ఒకదానికొకటి అల్లుకుని, ఆ అల్లిక మధ్యలో పాలను పట్టి ఉంచుతాయి. పాలు కలిసిన గుడ్డు సుమారు 75 నుంచి 80 డిగ్రీల మధ్య గడ్డకడుతుంది. 85 దాటితే ఆ అల్లిక బిగుసుకుపోయి, పట్టుకున్న నీటిని బయటికి పిండేస్తుంది. అలా బిగుసుకున్న గుడ్డే మీకు తగిలే పలుకులు, పిండేసిన నీరే అడుగున చేరేది. అందుకే దీన్ని మాకరోనీ వంటకంగా కాక కస్టర్డ్‌గా చూసుకోవాలి. మాకరోనీ ముందే ఉడికి ఉంటుంది కాబట్టి ఓవెన్‌లో ఉడకాల్సింది గుడ్డు ఒక్కటే.

20 సెం.మీ. చదరపు గిన్నెకు, 5 సెం.మీ. లోతున్నదానికి, నేను వాడే కొలతలు చెబుతాను. పచ్చి మాకరోనీ 250 గ్రాములు, పెద్ద గుడ్లు 2, ఎవాపరేటెడ్ మిల్క్ 350 మి.లీ., మామూలు చిక్కటి పాలు 150 మి.లీ., చీజ్ 300 గ్రాములు, వెన్న 30 గ్రాములు, ఆవపిండి అర టీస్పూన్, మిరియాల పొడి పావు టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్. చీజ్‌లోనే బోలెడు ఉప్పు ఉంటుంది కాబట్టి అంతకు మించి వేయొద్దు. ముక్కలు చతురస్రాలుగా నిలబడేట్టు కోయాలంటే, అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో చేసే పద్ధతి అదే, 3 గుడ్లు వేయండి. స్పూన్‌తో తీసుకునేంత మెత్తగా చాలంటే 2 సరిపోతాయి.

ఎవాపరేటెడ్ మిల్క్ అంటే తీపి లేనిది. కండెన్స్‌డ్ మిల్క్ వేరు, అందులో చక్కెర ఉంటుంది, అది పడితే వంట మొత్తం పాడు. ఎవాపరేటెడ్ పాలలో నీరు దాదాపు 60 శాతం పోయి ఉంటుంది, ప్రోటీన్ చిక్కగా ఉంటుంది, అందుకే విరగడానికి అంత తొందరపడదు. అది దొరక్కపోతే లీటరు చిక్కటి పాలను సన్న మంట మీద కలుపుతూ 400 మి.లీ. అయ్యేదాకా మరిగించి, చల్లార్చి, పైన కట్టిన మీగడ వడకట్టి, అందులోంచి 350 మి.లీ. కొలిచి వాడుకోండి. వెన్న తీసిన పాలతో మాత్రం చేయొద్దు. పలచగా ఉంటాయి, నీళ్లు తేలే అవకాశం ఇంకా పెరుగుతుంది.

చీజ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సగం రుచి, సగం ఇబ్బంది రెండూ దాని వల్లే. బాగా మాగిన చెడ్డార్ రుచి గొప్పగా ఉంటుంది కానీ అదొక్కటే వేస్తే కరిగేటప్పుడు నూనె విడిపోయి, మిగిలింది ఇసుకలా తగులుతుంది. 200 గ్రాములు ఘాటైన చెడ్డార్, 100 గ్రాములు మెత్తగా కరిగేది, అంటే గౌడా గానీ లేత చెడ్డార్ గానీ, కలిపితే బాగా కుదురుతుంది. మోజరెల్లా ఎక్కువైతే తీగలు సాగి కస్టర్డ్‌ను చీలుస్తుంది. ప్రాసెస్డ్ చీజ్ 50 గ్రాములు కలపడం నామోషీ ఏమీ కాదు. అందులోని లవణాలు కొవ్వునూ నీటినీ విడిపోకుండా పట్టి ఉంచుతాయి, మిగతా చీజ్ కూడా నున్నగా కరుగుతుంది. ప్యాకెట్‌లో తురిమి అమ్మేది వద్దు. తురుము అంటుకోకుండా దానికి పిండిలాంటి పొడి పట్టించి ఉంటారు, అది కస్టర్డ్‌లో గరుకుగా తెలుస్తుంది. దిమ్మ కొని ఇంట్లోనే తురుముకోండి.

మాకరోనీని లీటరు నీటికి 10 గ్రాముల ఉప్పు చొప్పున వేసిన మరుగు నీళ్లలో, ప్యాకెట్ మీద రాసిన సమయానికి 2 నిమిషాలు ముందే దించేయండి. కొరికితే మధ్యలో సన్నగా తెల్లటి చుక్క కనబడాలి. మిగిలిన ఉడుకు ఓవెన్‌లో కస్టర్డ్‌ను పీల్చుకుని పూర్తవుతుంది. వడకట్టాక జల్లెడను రెండు మూడు సార్లు గట్టిగా కుదపండి, గొట్టాల లోపల నీళ్లు దాక్కుంటాయి. చన్నీళ్లతో కడగొద్దు, పైన ఉన్న పిండి కాస్త చిక్కదనం ఇస్తుంది. వేడి మీదే వెన్న కలిపి, వేలు పెడితే కాలనంతగా చల్లారనివ్వండి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. పొగలు కక్కే మాకరోనీ మీద గుడ్ల మిశ్రమం పోస్తే అది ఓవెన్ చేరకముందే పలుకులు కడుతుంది.

గుడ్లను ఆవపిండి, మిరియాలు, ఉప్పుతో కలిపి గిలక్కొట్టండి, కానీ నురగ రానివ్వొద్దు. నురగ ఉంటే కస్టర్డ్ అంతా చిల్లులు పడుతుంది. రెండు రకాల పాలూ కలిపి గోరువెచ్చగా చేసి సన్న ధారగా పోస్తూ కలపండి, ఆపైన ఒకసారి వడకట్టండి. మాకరోనీలో 220 గ్రాముల తురుము కలిపి, వెన్న రాసిన గిన్నెలో వదులుగా పరచండి, అదమకండి. మిశ్రమం పోశాక గిన్నె మూలల్లో చూడండి: పాలు పై వరుస మాకరోనీకి కొంచెం కిందివరకు రావాలి. ఇంత పలచగా ఉందేమిటి అనిపిస్తుంది, అలాగే ఉండాలి. మిగిలిన 80 గ్రాముల చీజ్ పైన చల్లండి.

ఓవెన్ ముందే 165 డిగ్రీలకు వేడెక్కి ఉండాలి. లోతైన ట్రేలో ఈ గిన్నె పెట్టి, గిన్నె సగం ఎత్తు వచ్చేదాకా వేడి నీళ్లు పోసి, గిన్నె మీద ఫాయిల్ కప్పి 25 నిమిషాలు, ఫాయిల్ తీసేసి ఇంకో 20 నిమిషాలు. నీళ్లు 100 డిగ్రీలు దాటవు కాబట్టి అంచులు మాడకుండా కాస్తాయి. నీళ్ల ట్రే లేకపోయినా కుదురుతుంది, అప్పుడు 35 నిమిషాల నుంచే చూడటం మొదలుపెట్టండి. అంచులు కొంచెం గట్టిగా వస్తాయి, కొందరికి అదే ఇష్టం.

ఎప్పుడు తీయాలన్నదే అసలు విషయం. గిన్నెను మెల్లగా కదిపితే అంచులు కదలకూడదు, మధ్యలో అరచేయంత మేర తోడుకున్న పెరుగులా వణకాలి. పాలలా అటూ ఇటూ పారితే ఇంకా కాలేదు. అసలు వణుకే లేకపోతే దాటిపోయింది. వంట థర్మామీటర్ ఉంటే మధ్యలో 75 దగ్గర తీసేయండి. బయట పెట్టాక కూడా మూడు నాలుగు డిగ్రీలు పెరుగుతుంది. గుడ్ల వంటకాలకు భద్రత కోసం చెప్పే 71 డిగ్రీలు ఇందులోనే దాటిపోతాయి. పైన ఎర్రగా కావాలంటే చివర్లో పై కాయిల్ కింద 2 నిమిషాలు చాలు, కానీ మధ్య భాగం 72 దగ్గర ఉండగానే ఆ పని చేయండి, ఆ వేడి కూడా లెక్కలోకే వస్తుంది. తర్వాత 15 నిమిషాలు ముట్టుకోవద్దు. వేడి మీద కోస్తే బాగా కుదిరినది కూడా జారిపోతుంది.

అడుగున చేరిన నీటిని చూసి తప్పెక్కడో పసిగట్టవచ్చు. నీరు తేటగా, పసుపుపచ్చగా ఉండి చుట్టూ పలుకులుంటే ఎక్కువ కాలింది. తెల్లగా పాలలాగే ఉంటే ఇంకా గడ్డకట్టలేదు, మళ్లీ 5 నిమిషాలు పెట్టండి. కస్టర్డ్ నున్నగానే ఉండి అడుగున మాత్రం తేట నీరుంటే మాకరోనీలో నీళ్లు సరిగ్గా వడకట్టలేదు, లేదా ఉల్లిపాయ, పుట్టగొడుగుల్లాంటివి పచ్చివే వేశారు. అవి వేయాలనుకుంటే నీరంతా ఇగిరేదాకా వేయించి, చల్లార్చి కలపండి. టమాటా, నిమ్మరసం లాంటి పులుపు మాత్రం ఇందులో వద్దు, పాలు విరుగుతాయి.

రెట్టింపు చేయాలంటే లోతు పెంచకండి, వెడల్పు గిన్నె తీసుకోండి. లోతు పెరిగితే మధ్య భాగం ఉడికేలోపు అంచులు విరుగుతాయి. ముందు రోజే సిద్ధం చేసుకోవాలంటే మాకరోనీ, కస్టర్డ్ మిశ్రమం వేర్వేరుగా ఫ్రిజ్‌లో పెట్టండి. కలిపి ఉంచితే తెల్లారేసరికి మాకరోనీ పాలన్నీ తాగేసి ఉబ్బిపోతుంది. మిగిలింది ఫ్రిజ్‌లో 3 రోజులు ఉంటుంది. ముక్కకు ఒక స్పూన్ పాలు చల్లి, మూతపెట్టి, 150 డిగ్రీల ఓవెన్‌లో గానీ సగం పవర్ మీద మైక్రోవేవ్‌లో గానీ నెమ్మదిగా వేడిచేయండి. పూర్తి పవర్ మీద పెడితే మళ్లీ అదే నీరు, అవే పలుకులు.