గ్రాఫిక్స్ కార్డు లేకుండా, పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌తో డిస్‌ప్లే రాదు, డబ్బు కట్టే ముందు ఆగు

తమ్ముడూ, ఇంకా డబ్బు కట్టలేదన్నావు కాబట్టి అసలు విషయం ముందే చెప్తాను. కొత్త పీసీ బిగించుకుందామని నువ్వు రాసిన విడిభాగాల లిస్టును ఉన్నదున్నట్టు కొంటే ఆ పీసీలో బొమ్మ రాదు. ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్, డీడీఆర్4 రకం బీ660ఎం మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె), మీ మావయ్య పాత టెన్త్ జనరేషన్ పీసీలోని కూలర్. గ్రాఫిక్స్ కార్డేమో ఆరు నెలలయ్యాక. విడివిడిగా చూస్తే అన్నీ మంచివే, కలిపితే మూడు చోట్ల తేడా కొడుతోంది.

మొదటిది ర్యామ్. ట్వెల్త్ జనరేషన్ ఇంటెల్ ప్రాసెసర్ డీడీఆర్4, డీడీఆర్5 రెండింటితోనూ పనిచేస్తుంది. అందుకే ఏది కొన్నా పర్లేదని చాలామంది అనుకుంటారు. కానీ ఏ ర్యామ్ వేయాలో తేల్చేది బోర్డు, నువ్వు ఎంచుకున్న బోర్డు డీడీఆర్4ది. రెండు ర్యాముల్లోనూ పిన్నులు 288, చూడ్డానికి ఒకేలా ఉంటాయి, గాడి మాత్రం వేరే చోట ఉంటుంది. దిగట్లేదని గట్టిగా నొక్కావంటే స్లాటు పాడవుతుంది.

రెండోది ఆ ఎఫ్ అక్షరం. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉందంటే లోపల స్క్రీన్ మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ భాగం లేనట్టే. బోర్డు వెనకాల హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటుంది, మానిటర్ కేబుల్ చక్కగా పడుతుంది, కానీ డిస్‌ప్లే రాదు. ఆరు నెలలు కార్డు లేకుండా నడపాలంటే ఎఫ్ లేని 12400 తీసుకో. కాస్త ఎక్కువ ధర ఉన్నా నీకు అదే సరైనది.

మూడోది కూలర్. టెన్త్ జనరేషన్ సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) చుట్టూ ఉండే కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, నీ బోర్డులో 78. ఆ కూలర్ కంపెనీ నీ బోర్డు సాకెట్ అయిన ఎల్‌జీఏ 1700కి బ్రాకెట్ ఇస్తే తప్ప సరిగ్గా కూర్చోదు. 12400 బాక్స్ ప్యాక్‌లో కూలర్ వస్తుంది, దానికి అది చాలు. ట్రే పీస్, అంటే బాక్స్ లేని విడి ప్రాసెసర్, చవకగా ఇస్తామంటే మాత్రం అందులో కూలర్ ఉండదని గుర్తుంచుకో.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, 2022లో నా మొదటి పీసీకి ఇలాంటి దెబ్బే తగిలింది. మన విశాఖ ద్వారకానగర్‌లో ఒక షాపులో గ్రాఫిక్స్ కార్డుతో పాటు ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ450 బోర్డు కొన్నాను. "ఇది దీనికి పడుతుందా అండీ" అని అడిగితే, ప్రాసెసర్, బోర్డు రెండూ ఏఎం4 సాకెట్టేనని చెప్పారు. అది నిజమే. ఎంవీపీ కాలనీలో మా ఇంటికొచ్చి రాత్రి పదకొండింటి దాకా కూర్చుని బిగించాను. ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, స్క్రీన్ నల్లగానే ఉంది. ర్యాములు తీసి మళ్లీ పెట్టాను, కేబుళ్లు మార్చాను. నాన్నగారు ఇచ్చిన డబ్బు, ప్రాసెసర్ కాలిపోయిందేమోనని టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. మూడో రోజు డాబాగార్డెన్స్‌లో ఒక టెక్నీషియన్ చూసి ఐదు నిమిషాల్లో చెప్పారు. బోర్డు పాత స్టాక్, అందులోని బయోస్‌కి (పీసీని స్టార్ట్ చేసే బోర్డులోని సాఫ్ట్‌వేర్) నా ప్రాసెసర్ ఏంటో తెలియదు. ఆయన తన దగ్గరున్న పాత రైజెన్ పెట్టి, బయోస్ అప్‌డేట్ చేసి, మళ్లీ నాది పెట్టగానే డిస్‌ప్లే వచ్చింది. సాకెట్‌లో పట్టడం వేరు, పనిచేయడం వేరు అని నాకు అర్థమైంది ఆ రోజే.

నీకూ అదే ఎదురవ్వచ్చు. 12400 స్టాక్ లేదు, 13400 తీసుకోమంటే వెంటనే సరే అనకు. బీ660 బోర్డుల్లో పాత స్టాక్‌కి థర్టీన్త్ జనరేషన్ కోసం బయోస్ అప్‌డేట్ కావాలి. బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో నీ మోడల్ పేజీ తెరిచి, సపోర్ట్ విభాగంలో సీపీయూ లిస్టు చూడు. ప్రతి ప్రాసెసర్ ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో ఉంటుంది. షాపులోనే అప్‌డేట్ చేసి ఇమ్మని అడుగు, గాజువాక నుంచి మళ్లీ మళ్లీ తిరిగే పని తప్పుతుంది. మోడల్ పేరు చివరి అక్షరం దాకా సరిచూసుకో. డీడీఆర్4ని సూచించే డీ4 అనే చిన్న ముక్కతో బోర్డే మారిపోతుంది.

మిగతావి తేలిక. బోర్డు మైక్రో ఏటీఎక్స్ సైజు కాబట్టి, అంతకంటే చిన్న మినీ ఐటీఎక్స్ సైజు క్యాబినెట్ వద్దు. ఎం.2 ఎస్‌ఎస్‌డీలో సాటా రకం, ఎన్‌వీఎంఈ రకం రెండూ ఉంటాయి, ఎన్‌వీఎంఈ తీసుకో. రేపు ఆర్‌టీఎక్స్ 3060 లాంటిది వేసుకుంటే ఎన్విడియా చెప్పే కనీస సప్లై 550 వాట్లే, నీ ఎస్‌ఎంపీఎస్ సరిపోతుంది. కార్డు పొడవు క్యాబినెట్‌లో పడుతుందో లేదో మాత్రం అప్పుడు కొలిచి చూడు. మన ఊరి ఉక్కకి భయపడి పెద్ద టవర్ కూలర్ కొందామనుకుంటే, దాని ఎత్తు క్యాబినెట్ ఎంత వరకు ఒప్పుకుంటుందో కూడా చూడాలి.

షాపులో కొటేషన్ రాయించుకుని, డబ్బు కట్టే ముందు దాని ఫోటో ఇక్కడ పెట్టు. ప్రతి మోడల్ నంబరూ పూర్తిగా కనబడాలి. నీ పేరు, ఫోన్ నంబరు ఉంటే కప్పేసి పెట్టు. ఆదివారం లోపు పెడితే ఒక్కొక్కటీ చూసి చెప్తాను.