చిన్నపిల్లలతో నాలుగు రోజులు సముద్రం దగ్గర ఉండాలంటే నేను భీమిలి అంటాను

మీరు అడిగింది: హైదరాబాద్ నుంచి ఆరేళ్ల పాప, రెండేళ్ల బాబుతో నాలుగు రోజులు సముద్రం ఒడ్డున ఉండాలి, జనం ఎక్కువ ఉండకూడదు, ఖర్చు పాతిక వేలు దాటకూడదు, గోవా వద్దు. నా జవాబు భీమిలి. విశాఖపట్నం నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని ఉత్తరానికి పాతిక కిలోమీటర్లు వెళ్తే వచ్చే భీమునిపట్నం. మా పిల్లలు సరిగ్గా మీ పిల్లల వయసులో ఉన్నప్పుడు మొదటిసారి వెళ్లాం. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్లొచ్చాం.

భీమిలే ఎందుకో చెప్పాలంటే అంతకుముందు ఏం జరిగిందో చెప్పాలి. ఒక రిసార్టు ఫొటోలు చూసి బుక్ చేశాం. పేరు వద్దులెండి. తలుపు తీస్తే ఇసుక, కొబ్బరిచెట్లు, కనుచూపు మేరలో ఇంకో ఇల్లు లేదు. ఇంతకన్నా ప్రశాంతత ఏముంటుంది అనుకున్నాం. రెండో రోజు రాత్రి బాబుకి ఒళ్లు కాలిపోయే జ్వరం. తీసుకెళ్లిన సిరప్ సీసా మూత వదులై బ్యాగులోనే ఒలికిపోయింది. మెడికల్ షాపు పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది, ఆ వేళప్పుడు ఆటో దొరకదు. అక్కడ పనిచేసే అబ్బాయి ఒకడు జాలిపడి తన బండి మీద మా వారిని తీసుకెళ్లాడు. వాళ్లు తిరిగొచ్చేదాకా గంటన్నర సేపు తడిగుడ్డతో బాబు ఒళ్లు తుడుస్తూ, ఇంకో పక్క నిద్రలేచి ఏడుస్తున్న పాపని సముదాయిస్తూ కూర్చున్నాను. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ రాత్రి తర్వాత మేము బీచ్ కోసం కాదు, ఊరి కోసం వెతకడం మొదలుపెట్టాం. ఒక్కసారి లెక్క వేసుకోండి. చిన్నపిల్లలు నీళ్ల దగ్గర ఉండేది పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. మిగతా ఇరవై గంటలూ పాలు, పెరుగన్నం, నిద్ర, డైపర్లు, ఒక్కోసారి జ్వరం. అవన్నీ గడవాలంటే ఏడాది పొడుగునా మనుషులు కాపురం ఉండే ఊరు కావాలి. భీమిలి అలాంటిది. పర్యాటకుల కోసం పుట్టిన ఊరు కాదు. 1861లోనే మున్సిపాలిటీ అయింది. అంతకుముందు డచ్చివాళ్లు ఓడల వ్యాపారం చేసుకున్న రేవు. ఇప్పుడూ బడులు, సంత, మత్స్యకారుల పేటలు ఉన్న మామూలు ఊరే. మేము దిగిన లాడ్జి నుంచి ఇసుకలోకి అయిదు నిమిషాల నడక, మెడికల్ షాపుకి మూడు నిమిషాలు. పొద్దున్నే వీధి చివర పాల ప్యాకెట్లు దొరికేవి. ఇడ్లీ బండి ఆవిడ మూడో రోజుకల్లా మా బాబుకి కారం లేకుండా విడిగా చట్నీ తీసి పెట్టేది.

ఖర్చు సంగతి. వారం మధ్యలో వెళ్తే మాకు ఏసీ గది రోజుకి పదిహేను వందలకి దొరికింది. సాయంత్రం హైదరాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో ఉంటారు కాబట్టి రెండు రాత్రులు రైల్లోనే గడిచిపోతాయి, గది మూడు రాత్రులకే కావాలి. అయిదేళ్ల లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు, కానీ బెర్తు ఇవ్వరు. మీ పాపకి బెర్తు కావాలంటే పూర్తి చార్జీ పడుతుంది. ఇప్పించండి, ఇద్దరు పిల్లల్ని రెండు బెర్తుల్లో సర్దుకుంటే ఎవరికీ నిద్ర ఉండదు. థర్డ్ ఏసీ రానుపోను, గది, తిండి, ఆటోలు అన్నీ కలిపి మాకు పద్దెనిమిది వేల లోపే అయింది. విశాఖ నుంచి భీమిలికి సిటీ బస్సులు తిరుగుతుంటాయి. సామాను, పిల్లలు ఉంటారు కాబట్టి వెళ్లేటప్పుడు మాత్రం ఆటో గానీ క్యాబ్ గానీ మాట్లాడుకోండి. తిరుగు ప్రయాణంలో బస్సెక్కి సముద్రం వైపు కిటికీ దగ్గర కూర్చోండి. రుషికొండ, తొట్లకొండ దాటుకుంటూ వెళ్లే ఆ దారి పిల్లలకి భలే నచ్చుతుంది.

మన తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలోంచి పైకి వస్తాడు. రెండేళ్ల పిల్లలు ఎలాగూ అయిదున్నరకే లేచి కూర్చుంటారు కదా, ఇంట్లో అయితే విసుక్కునే ఆ వేళ ఇక్కడ కలిసొస్తుంది. మేము రోజూ చీకటి వీడకముందే ఒడ్డుకి చేరేవాళ్లం. అప్పుడు అక్కడ జాలర్లు తప్ప ఎవరూ ఉండరు. ఒకరోజు పెద్ద వల లాగుతున్నారు. రెండు తాళ్లు, ఒక్కో తాడుకి పది పన్నెండు మంది, ఒక పాట లాంటి కూతతో అందరూ ఒకేసారి వెనక్కి వాలడం. వల ఒడ్డుకొచ్చాక చూస్తే అడుగున వెండి రేకుల్లాగా నెత్తళ్లు, మధ్యలో నాలుగైదు కానాగంతలు. మా పాప నా కొంగు వదలకుండా తొంగి చూస్తుంటే గంపతో వచ్చిన ఒకావిడ "ఏటి పాపా, భయమేస్తందా?" అని నవ్వుతూ ఒక చిన్న చేపని తన అరచేతిలో పెట్టుకుని చూపించింది. పాప వేలితో ముట్టుకుంది. ఇంటికొచ్చాక నెల రోజులు అదే చెప్పింది అందరికీ.

బాబుకి మాత్రం పీతలే లోకం. అలలు వెనక్కి పోయాక తడి ఇసుకలో చిన్న చిన్న బొరియలు కనిపిస్తాయి, ఒక్కోదాని చుట్టూ ఆవగింజలంత ఇసుక ఉండలు ముగ్గు పెట్టినట్టు పరుచుకుని ఉంటాయి. మనం కదలకుండా కూర్చుంటే లోపలి నుంచి గోరంత పీత బయటికొచ్చి, ఇసుక నోట్లో పెట్టుకుని, అందులోని తిండి తీసుకుని, మిగతాది ఉండ చేసి పక్కన పెడుతుంది. వాడు దాని ముందు అరగంట సేపు గొంతుక్కూర్చున్నాడు. వాడు అంతసేపు ఒకచోట ఉండటం నేను అంతకుముందు చూడలేదు.

ఇక జాగ్రత్త. బంగాళాఖాతం పిల్లలు ఈదే సముద్రం కాదు. విశాఖ తీరమంతా ఒడ్డు నుంచి లోపలికి లాగేసే ప్రవాహాలు ఉంటాయి, పైకి నీళ్లు ప్రశాంతంగా కనిపించిన చోటే అవి ఉండొచ్చు. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూడటానికి చాలా అందంగా ఉంటుంది, లోతు తక్కువ ఉన్నట్టు అనిపిస్తుంది. అక్కడ మాత్రం పిల్లల్ని దింపొద్దు. అడుగున ఇసుక జరుగుతూ ఉంటుంది, నది నీళ్లు, సముద్రపు పోటు కలిసి ఎటు తోస్తాయో తెలియదు. మేము పెట్టుకున్న నియమం ఒకటే, పిల్లల మోకాళ్లు దాటి నీళ్లు రాకూడదు, ఒక్కో పిల్లకి ఒక్కో పెద్దమనిషి, చెయ్యి వదలకూడదు. ఫొటో తీసుకోవాలంటే ముందు పిల్లల్ని పొడి ఇసుకలోకి తీసుకొచ్చేవాళ్లం. దిగేముందు అక్కడున్న జాలరిని అడగండి, ఈరోజు ఎక్కడ బాగుందో వాళ్లే చెప్తారు.

మధ్యాహ్నాలు గదిలో పడుకోండి. ఒక్కరోజు పొద్దున మాత్రం ఎర్రమట్టి దిబ్బలకి వెళ్లండి, విశాఖ వైపు నాలుగైదు కిలోమీటర్లే. వేల ఏళ్ల కిందట గాలి తెచ్చి పోసిన ఇసుక అది. రేణువుల మీద ఇనుము తుప్పు పూతలా పట్టడం వల్ల ఆ ఎరుపు. వానలు కోసిన సందుల్లో పిల్లలు దాగుడుమూతలు ఆడుకోవచ్చు. గట్ల అంచులు విరుగుతాయి కాబట్టి పైకి ఎక్కనివ్వకండి. అక్కడి మట్టి తీసుకురావొద్దని మా పాపకి ముందే చెప్పాం, అది భూగర్భ వారసత్వ ప్రదేశం. బీచ్ దగ్గరి డచ్ సమాధులు ఒక సాయంత్రం పావుగంటలో చూసి రావచ్చు. పావురాలకొండ ఎక్కడం రెండేళ్ల పిల్లాడితో కష్టం, మేము మానేశాం.

లోట్లు కూడా చెప్పాలి. పెద్ద హోటళ్లు, ఆటల పార్కులు ఆశించొద్దు. ఒడ్డు కొన్నిచోట్ల చెత్తగా ఉంటుంది, చేపలు ఎండబెట్టే వైపు వాసన వస్తుంది. ఆదివారం విశాఖ నుంచి జనం వస్తారు, కార్తీకంలో వనభోజనాలవాళ్లు, సంక్రాంతి సెలవుల్లో అందరూ. కాబట్టి సోమవారం దిగి గురువారం బయల్దేరేలా చూసుకోండి. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలు హాయిగా ఉంటాయి. మే నెలలో ఎండ కన్నా ఉక్కపోత పిల్లల్ని ఎక్కువ బాధిస్తుంది. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12న. ఆ నెలల్లో టికెట్లు తీసుకుంటే వాతావరణ శాఖ మాట విని రద్దు చేసుకోవడానికి సిద్ధంగా ఉండండి.

బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్ గురించి కూడా అడిగారు. ఇసుక బాగుంటుంది, హైదరాబాద్‌కి దగ్గర. కానీ బాపట్ల ఊరు అక్కడికి తొమ్మిది కిలోమీటర్లు, నా భయం మీకు తెలుసు కదా. చీరాల దగ్గరి వాడరేవు కూడా అంతే, ఊరు ఒకచోట, సముద్రం ఒకచోట. శ్రీకాకుళం వైపు కళింగపట్నం, వంశధార సముద్రంలో కలిసే చోటు, భీమిలి కన్నా ఇంకా ప్రశాంతం. పిల్లలు కాస్త పెద్దయ్యాక వెళ్లాలని నాకూ ఉంది.

గది ఫోన్లో మాట్లాడేటప్పుడు సముద్రం కనిపిస్తుందా అని అడిగే ముందు వేడినీళ్లు వస్తాయా, కరెంటు పోతే జనరేటర్ ఉందా, బాల్కనీ కమ్మీల మధ్య పిల్లాడి తల పట్టేంత సందు ఉందా అని అడగండి. సిరప్ సీసాని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టుకోండి. చలికాలం అయితే దారి పక్కన తేగలు అమ్ముతారు, కాల్చినవి తీసుకోండి, పాప నములుతుంది. ఇంకొకటి, ఒక పాత నూలు చీర తప్పకుండా పట్టుకెళ్లండి. ఇసుక మీద నాలుగు మడతలు వేసి పరిస్తే బాబు దాని మీదే నిద్రపోతాడు, లేచాక రెండుసార్లు దులిపితే ఇసుకంతా పోతుంది.