షాక్ అబ్జార్బర్లు మార్చినా పోని ‘టక్ టక్’

ప్రశ్న: తొమ్మిదేళ్ళుగా వాడుతున్న నా పెట్రోలు కారులో, గతుకుల రోడ్డు మీద గంటకు 20, 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు ముందు ఎడమవైపు నుంచి ‘టక్ టక్’మని శబ్దం వస్తోంది. నున్నటి రోడ్డు మీద ఎంత వేగంగా వెళ్ళినా ఏమీ వినిపించదు. మెకానిక్ సలహా మీద ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ మార్పించాను కానీ, శబ్దం అలాగే ఉంది. ఇప్పుడు స్టీరింగ్ ర్యాక్ మార్చాలంటున్నారు. మార్పించమంటారా?

జవాబు: అప్పుడే వద్దు. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రాలను మళ్ళించే ర్యాక్ అరిగి ఉండే అవకాశం లేకపోలేదు గానీ, మీరు రాసిన లక్షణాలను బట్టి ముందుగా అనుమానించవలసింది అంతకంటే చాలా చిన్న వస్తువును, అంటే స్టెబిలైజర్ లింక్ రాడ్‌ను. షాక్ అబ్జార్బర్ పాడైతే గతుకు దాటిన తరువాత కూడా కారు ఊగుతూనే ఉంటుంది, దాని ఒంటి మీద ఆయిల్ కారిన మరక కనిపిస్తుంది. ఇనుము ఇనుముకు తగిలినట్టు పొడిగా వినిపించే టక్కు మాత్రం, ఎక్కడో ఒక కీలు వదులైందని చెబుతుంది.

మలుపుల్లో కారు ఒక పక్కకు ఒరిగిపోకుండా ముందు చక్రాలు రెండింటినీ కలుపుతూ వంపు తిరిగిన ఉక్కు కడ్డీ ఒకటి అడ్డంగా ఉంటుంది. దానినే స్టెబిలైజర్ బార్ అంటారు. దాని రెండు కొసలనూ సస్పెన్షన్‌కు తగిలించేవి లింక్ రాడ్లు. చాలా కార్లలో లింక్ రాడ్‌కు పైనా కిందా గిన్నెలో బంతి కూర్చున్నట్టుండే కీళ్ళుంటాయి. వాటి రబ్బరు తొడుగు చిరిగితే గ్రీజు పోయి దుమ్మూ నీరూ చేరతాయి, బంతి అరుగుతుంది, ఆపైన ప్రతి గతుకుకూ గిన్నె గోడను కొడుతుంది.

దీన్ని తేల్చుకోవడానికి పనిముట్లేవీ అక్కరలేదు, ఒక స్పీడ్ బ్రేకర్ చాలు. మొదట రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా నిదానంగా దాటండి. అప్పుడు బార్ మొత్తం ఒక్కటిగా తిరుగుతుంది కనుక లింక్ రాడ్ల మీద భారం దాదాపు పడదు. తరువాత ఏటవాలుగా, ఒక చక్రం ముందు, రెండోది వెనుక ఎక్కేలా దాటండి. అప్పుడు బార్ మెలిపడి లింక్ రాడ్లను లాగుతుంది. మొదటిసారి నిశ్శబ్దంగా ఉండి, రెండోసారి టక్కుమంటే లోపం లింక్ రాడ్‌లోనో, బార్‌ను పట్టి ఉంచే రబ్బరు బుష్‌లలోనో ఉంది. రెండుసార్లూ కొడితే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి కారుకు కలిపే చేయి) బుష్, దాని కొసన చక్రం వైపుండే బాల్ జాయింట్, స్ట్రట్ (షాక్ అబ్జార్బర్, స్ప్రింగు కలిసిన భాగం) పై మౌంట్ వైపు చూడాలి. గతుకుల మీద బ్రేకును తేలికగా తొక్కి ఉంచినప్పుడు శబ్దం మాయమైతే, అది బ్రేక్ ప్యాడ్ల అలికిడి. ఇక ర్యాక్‌నో, దాని నుంచి చక్రానికి వెళ్ళే టై రాడ్‌నో అనుమానించాలంటే, కారు నిలబడి ఉండగా స్టీరింగ్‌ను కొద్దిగా అటూ ఇటూ తిప్పినప్పుడు కూడా టక్కు వినిపించాలి.

మీ మెకానిక్‌ను నేను తప్పు పట్టడం లేదు. ఈ లోపం జాకీ మీద తరచు దొరకదు. ఒక్క చక్రాన్నే పైకి లేపితే అది కిందికి వేలాడి, బార్ మెలిపడి, లింక్ రాడ్ బిగుసుకుపోతుంది. చేత్తో ఎంత కదిపినా గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకే రెండు చక్రాలూ నేల మీదనో, ఒకే ఎత్తులోనో ఉన్నప్పుడు చూడాలి. గ్యారేజీలో కిందికి దిగి చూసే గుంట మీద నిలిపిన కారును ఒకరు పైనుంచి పక్కలకు ఊపుతుండగా మరొకరు కింది నుంచి కీలు మీద వేలు ఆనిస్తే, చెవికి అందని టక్కు వేలికి తగులుతుంది.

మరొక్క మాట. చాలా కార్లలో షాక్ అబ్జార్బర్ విప్పాలంటే ముందు లింక్ రాడ్ నట్టు విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు ఆ నట్టూ, స్ట్రట్ పైనున్న నట్టూ సరిగా బిగిశాయో లేదో కొత్త సామాను కొనకముందే చూపించండి. లింక్ రాడ్ మార్చవలసి వస్తే రెండు పక్కలా మార్పించడం మేలు. ఒకవేళ లోపం లోయర్ ఆర్మ్ బుష్‌లో ఉంటే, బుష్ గుండా వెళ్ళే బోల్టును కారు బరువు చక్రాల మీద పడిన తరువాతే ఆఖరుగా బిగించాలని గట్టిగా చెప్పండి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది. బాల్ జాయింట్ వదులైందని తేలితే మాత్రం వాయిదా వేయకండి. అది ఊడితే చక్రం అదుపు తప్పుతుంది.

ప్రశ్న: ఎత్తు ఎక్కేటప్పుడు నా కారు ఇంజన్ నుంచి, డబ్బాలో గులకరాళ్ళు వేసి కదిపినట్టు శబ్దం వస్తోంది. చదును రోడ్డు మీద రాదు. ఇంజన్ విప్పించాలా?

జవాబు: విప్పించనవసరం ఉండకపోవచ్చు. స్పార్క్ ప్లగ్ వెలిగించిన మంట పూర్తిగా వ్యాపించకముందే, సిలిండర్‌లో మిగిలిన పెట్రోలు మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తానే భగ్గుమంటే ఈ శబ్దం పుడుతుంది. పై గేరులో, తక్కువ వేగంతో, యాక్సిలరేటర్ బాగా తొక్కినప్పుడు ఇది ఎక్కువ. ఒక గేరు తగ్గించి చూడండి. శబ్దం ఆగితే కారణం అదేననుకోవచ్చు. ట్యాంకు మూత దగ్గరో, యజమాని పుస్తకంలోనో రాసిన ఆక్టేన్ సంఖ్య (పెట్రోలు తనంతట తానే మండకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) కంటే తక్కువ రకం పెట్రోలు పోస్తున్నారేమో సరిచూసుకోండి. ఆ తరువాత కూలెంట్ మట్టం, ప్లగ్‌లు సరైన రకానివేనా అన్నది, సిలిండర్‌లో మసి పేరుకోవడం, ఈ శబ్దాన్ని పసిగట్టే నాక్ సెన్సర్ వరుసగా చూపించండి.

సన్నని టిక్ టిక్ అయితే అది చాలావరకు వాల్వులను తెరిచే టాపెట్లది. టాపెట్లను నొక్కే క్యామ్‌షాఫ్ట్ ఇంజన్ వేగంలో సగం వేగంతోనే తిరుగుతుంది కనుక ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక టాపెట్ 400 సార్లే కొడుతుంది. ఈ తేడా చెవికి తెలుస్తుంది. భయపడవలసింది మరో రకానికి: లోపలి నుంచి సుత్తితో కొట్టినట్టు బరువుగా, ఇంజన్ వేడెక్కిన కొద్దీ పెరుగుతూ, యాక్సిలరేటర్‌తో పాటు జోరందుకునే దెబ్బకు. అది పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ కావచ్చు. దానికి తోడు ఆయిల్ ప్రెషర్ దీపం కూడా వెలిగితే గ్యారేజీ దాకా నడపకండి. అక్కడే ఇంజన్ ఆపి, కారును మరో బండి మీద ఎక్కించి పంపండి.