స్పీకర్లను ఊకలో పెట్టి పంపవచ్చా?

ప్రశ్న: మా వారు 1996లో మోజుపడి కొన్న పెద్ద స్పీకర్ల జత ఇంట్లో ఉంది. ఒక్కొక్కటి రెండున్నర అడుగుల ఎత్తు, పద్దెనిమిది కిలోల బరువు. ఆయన పోయి మూడేళ్లయింది. పిల్లలు అమ్మేయమంటున్నారు. విశాఖపట్నం నుంచి ఒకరు ఫోటోలు చూసి పదిహేను వేలకు అడిగారు. మా ఎదురు మిల్లువాళ్లు ఊక ఊరికే ఇస్తామన్నారు. పెట్టె నిండా పోసి పంపవచ్చా? ఒకదానిలో గరగరమని శబ్దం వస్తోంది. ఆ సంగతి చెబితే బేరం పోతుందేమోనని భయం.
– ఒక గృహిణి, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, ముందు ఊక సంగతి. మిర్యాలగూడలో ఊకకు కొదవ లేదు కాబట్టి మీకు ఆ ఆలోచన రావడం సహజమే. కానీ స్పీకరుకు ఊక వద్దు. ఊకలో సిలికా ఎక్కువ, అంటే ఇసుకలో ఉండే సరుకే. ఆ నుసి కోను, అంటే శబ్దానికి అదిరే గరాటు లాంటి భాగం, వెనక్కి చేరి కాయిల్ (కోనుకు అతికి అయస్కాంతం మధ్య కదిలే తీగచుట్ట) సందులో పడితే ఇప్పుడున్న గరగరకు ఇంకోటి తోడవుతుంది. పైగా పద్దెనిమిది కిలోల పెట్టె ఊకలో నిలవదు. లారీ కుదుపులకు మెల్లగా దిగుతూ దిగుతూ అట్ట అడుగుకు చేరుతుంది.

ఇక గరగర. ముందున్న గుడ్డ జాలీ తీసి, పెద్ద కోను చుట్టూ ఉన్న నల్లటి అంచును వేలితో తాకి చూడండి. వేలికి జిగటగా అంటుకున్నా, పొడిగా రాలినా అది ఫోమ్ అంచు, దాని ఆయుష్షు తీరిందన్నమాట. ఫోమ్ పది, ఇరవై ఏళ్లకు మించి నిలవడం అరుదు. మన ఎండలకు, గాలిలోని తేమకు అది వాడకపోయినా చివుకుతుంది. అంచు చివికితే కోను పక్కకు ఒరిగి, కాయిల్ అయస్కాంతానికి రాసుకుంటుంది. బహుశా మీరు వింటున్నది ఆ రాపిడే. రెండు చేతుల వేళ్లనూ కోను చుట్టూ సమంగా ఆనించి, అతి మెల్లగా లోపలికి నొక్కండి. చెవికి గీసినట్టు వినిపిస్తే అనుమానం అక్కర్లేదు.

బాగు చేయించి అమ్మాలా అంటే, నా ఓటు ఉన్నది ఉన్నట్టు అమ్మడానికే. కొత్త అంచు అతికించడం పెద్ద పని కాదు, కోను అలాగే ఉంటుంది. కానీ రెండింటికీ చేయించాలి, చేసే మనిషికి చెయ్యి తిరిగి ఉండాలి. పాత స్పీకర్లు కొనేవాళ్లలో చాలామందికి తమ మెకానిక్కే నమ్మకం. అందుకని చిరిగిన అంచును దగ్గరగా ఫోటో తీసి పంపండి, గరగరను ఫోనులో రికార్డు చేసి వినిపించండి, వెనక ఉన్న రెండు సీరియల్ నంబర్లు కూడా చూపించండి. బేరం రెండు మూడు వేలు తగ్గవచ్చు. చెప్పకుండా పంపితే అవతలి మనిషి దారిలో చెడిందంటాడు, మీరు బాగానే పంపానంటారు, మధ్యలో రవాణావాళ్లు చేతులు దులుపుకుంటారు. నా దుకాణంలో ఇలాంటి పంచాయితీలు చాలా విన్నాను.

ప్యాకింగ్ గురించి నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట కర్నూలుకు ఒక జత పంపుతూ ఇంట్లోని బొంత మడిచి చుట్టూ పెట్టాను. మెత్తగా ఉంది కదా అని మురిసిపోయాను. చేరాక చూస్తే అట్టపెట్టె మీద గీత కూడా లేదు, లోపల ఒక వూఫర్ (లావు శబ్దాలు పలికే పెద్ద కోను భాగం) మాత్రం బిగుసుకుపోయింది. వూఫర్ వెనక అయస్కాంతం ఒక్కటే కిలో, రెండు కిలోలు ఉంటుంది. దాన్ని ఇనుప బిళ్లల మధ్య జిగురుతో అతికిస్తారు. పెట్టెను దబ్బున దించితే చెక్క ఆగుతుంది, అయస్కాంతం ఆగదు. కాయిల్‌కు అటూ ఇటూ ఉండే ఖాళీ నాలుగైదు వెంట్రుకలు పేర్చినంత. అయస్కాంతం ఆ మాత్రం జరిగితే చాలు, కాయిల్ చిక్కుకుంటుంది. బొంత ఆ బరువుకు అప్పడంలా అణిగిపోయింది. అందుకే మెత్తనివి కాదు, గట్టి ఫోమ్ పలకలు కావాలి. ఫ్రిజ్‌లతో వచ్చే థర్మాకోల్ పలకలైనా పరవాలేదు. అన్ని వైపులా రెండంగుళాలు, అడుగున మూడు. ఆ పెట్టెను ఇంకో పెద్ద పెట్టెలో అలాగే బిగించాలి. జతను కలిపి కట్టవద్దు, దేని పెట్టె దానిదే. చెక్కకు ముందు పలచని పాలిథిన్ చుట్టండి, బుడగల కవరు నేరుగా తగిలితే ఎండకు పాలిష్ మీద చుక్కలు పడతాయి. జాలీ విడిగా కట్టి, కోను ముందు దానికి తగలకుండా గట్టి అట్ట అమర్చండి. మూసిన పెట్టెను ఇద్దరు పట్టుకుని ఊపినప్పుడు లోపల దడ్‌మంటే మళ్లీ విప్పవలసిందే.

ఇంకో చిన్న కిటుకు. స్పీకరు వెనక వైర్లు తగిలించే ఎరుపు, నలుపు బిరడాలను చిన్న వైరు ముక్కతో కలిపేయండి. కలపక ముందు కోనును ఒకసారి, కలిపాక ఒకసారి నొక్కి చూడండి. రెండోసారి పాకంలో వేలు పెట్టినట్టు బరువుగా కదులుతుంది. కదలికకు కాయిల్‌లో పుట్టే విద్యుత్తే దానికి బ్రేకు వేస్తుంది. దారిలో కోను ఎగిరెగిరి పడదు. అయితే ఆ వైరు తీయకుండా ఆంప్లిఫయర్‌కు కలిపితే ఆంప్లిఫయర్ పోవచ్చు. ‘ముందు వైరు తీయండి’ అని ఎర్ర అక్షరాలతో రాసి అతికించండి.

ఖర్చు కూడా లెక్క వేసుకోండి. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, ఆ అంకెకూ అసలు బరువుకూ ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. ఉదాహరణకు 90, 45, 50 సెంటీమీటర్ల పెట్టె 40.5 కిలోల కింద లెక్క. రెండు పెట్టెలకు 81. ఆర్టీసీ కార్గో ధర కూడా అడిగి చూడండి. నన్నడిగితే, హైదరాబాద్ నుంచి కారేసుకుని వచ్చి, మీ ముందే పాట పెట్టించుకుని విని తీసుకెళ్లే మనిషికి పన్నెండు వేలకు ఇచ్చినా మీకే లాభం. విశాఖ మనిషికి అంత మోజుంటే విశాఖ ఎక్స్‌ప్రెస్ మీ ఊరి మీదుగానే వెళుతుంది, వచ్చి వినమనండి.

డబ్బు ఖాతాలో పడ్డాకే పెట్టె కదలాలి. ‘సైన్యంలో ఉన్నాను, రాలేను, ఈ క్యూఆర్ స్కాన్ చేస్తే డబ్బు వస్తుంది’ అన్నాడంటే ఫోను పెట్టేయండి. డబ్బు తీసుకోవడానికి స్కాన్ చేయడం, పిన్ కొట్టడం ఎప్పుడూ ఉండదు. పొరపాటున కొడితే వెంటనే 1930కి ఫోను చేయండి.

ప్రశ్న: అమ్ముదామనుకున్న స్పీకరులో ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్న భాగం) గుబ్బను మా మనవడు వేలితో లోపలికి నొక్కేశాడు. పైకి వస్తుందా?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: గుడ్డ గుబ్బ అయితే జిగురు తక్కువున్న టేపును మెల్లగా ఆనించి లాగండి, చాలాసార్లు లేస్తుంది. లోహపు గుబ్బ అయితే ముట్టుకోవద్దు, మడత పోదు, చీలుతుంది. ఫోటోలో ఉన్నది ఉన్నట్టే చూపించి అమ్మండి. జాలీ ఎందుకు తీసిపెట్టారో మాత్రం మీరు రాయలేదు.