ఉత్తరం, దాని మీది ఎర్ర ముద్ర: సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లో ఉన్న మన సిపాయిల ఉత్తరాలన్నీ చదివేవారా? ఏం కొట్టేసేవారు? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అన్నీ చదవడం సాధ్యమయ్యేది కాదు. 1915 నాటికి వారానికి పది నుంచి ఇరవై వేల ఉత్తరాలు వెళ్లేవి. సిపాయి కవరు అంటించకుండానే పలటనులో (తన సైనిక దళంలో) ఇవ్వాలి. అక్కడ అధికారి చూసి, అంటించి, సంతకం పెట్టి ముద్ర వేసేవాడు. ఉర్దూ, గురుముఖి రాతలు ఓపిగ్గా చదివే తీరిక ఆయనకెక్కడిది? అందుకే ఫ్రాన్స్‌లోని బులోన్ ఓడరేవులో రెండో తనిఖీ పెట్టారు. అక్కడి సెన్సారు అధికారి కెప్టెన్ హోవెల్, కొద్దిమంది సిబ్బంది కొన్ని ఉత్తరాలు ఏరి విప్పేవారు. ఊరి పేరు, పలటను పేరు, చనిపోయినవాళ్ల సంఖ్య, 'నువ్వు మాత్రం పట్టాళంలో చేరకు' అనే మాట కనబడితే ఆ వాక్యం చెరిపేవారు, లేదా ఉత్తరమే ఆపేసేవారు. ఇండియా నుంచి వచ్చే టపాలో గదర్ (బ్రిటిష్ పాలనను కూలదోయాలన్న ప్రవాస భారతీయుల పార్టీ) సాహిత్యం ఉందేమోనని కూడా వెతికేవారు.

సిపాయిలు ఇది గ్రహించారు. 'ఇండియా నుంచి వచ్చిన నల్లమిరియం అయిపోయింది, నల్లది బాగా ఘాటు, ఎర్రది అంత కాదు' అని ఒకరు రాశారు. నల్లమిరియం అంటే మనవాళ్లు, ఎర్రది తెల్ల సిపాయిలు. చాలామందికి చదువు రాదు. రాసేది ఇంకొకరు, ఊళ్లో చదివి వినిపించేది మరొకరు. కాబట్టి గుట్టు విప్పి రాయడం ఎలాగూ కుదరదు. నా లెక్కలో బులోన్ సెన్సారు ఆఫీసు అసలు పని కొట్టివేత కాదు, సిపాయిల మనసు పసిగట్టడం. వారం వారం పై అధికారులకు నివేదిక, దానికి జతగా ఇంగ్లీషులోకి మార్చిన ఉత్తరాల భాగాలు వెళ్లేవి. ఈ రోజు బ్రిటిష్ లైబ్రరీలో దొరికేవి ఆ భాగాలే. అసలు కాగితాలు ఊళ్లకు చేరి చాలావరకు పోయాయి. లైబ్రరీలోని భాగాల్లో తెలుగు ఉత్తరాలు దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి: ఫ్రాన్స్‌కు వెళ్లింది ఎక్కువగా పంజాబు, గఢ్వాల్, నేపాల్ వాళ్లు. తెలుగువాళ్లున్న మద్రాసు సాపర్లు (సైన్యంలో ఇంజినీరింగ్ పనుల దళం) మెసపటేమియాలో (నేటి ఇరాక్) పనిచేశారు.

ప్రశ్న: అచ్చు వాక్యాలను గీసి కొట్టేసిన ఒక పాత ఇంగ్లీషు కార్డు ఉంది. కొట్టేసింది సెన్సారా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: కాదండీ, సిపాయే. 'క్షేమంగా ఉన్నాను', 'ఆసుపత్రిలో చేరాను' లాంటి వాక్యాలలో తనకు వర్తించనివి కొట్టేసి సంతకం, తేదీ మాత్రమే వేయాలి. అదనంగా ఏదైనా రాస్తే కార్డు నాశనం చేస్తామని దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. చదవాల్సింది లేదు గనుక త్వరగా వెళ్లేది.

సిపాయిలకు ఇచ్చిన ఆకుపచ్చ కవరు వేరు. ఇందులో సొంత విషయాలే ఉన్నాయని సిపాయి మాట ఇచ్చి సంతకం పెడితే పలటనులో విప్పరు, కానీ వెనకనున్న స్థావరంలో విప్పవచ్చు.

మీ కార్డును లామినేట్ చేయించకండి, ప్లాస్టిక్ వేడికి కాగితం పాడవుతుంది. ముద్ర ఆకారం, అందులోని అంకె, మూలనున్న సంతకం, ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు, ఈ నాలుగూ ఫొటో తీసుకోండి. ఊరి పేరు దాచడానికే ఆ నంబరు వాడారు, ఇప్పుడు ఊరు కనుక్కోవడానికి అదే పనికొస్తుంది.

ప్రశ్న: మరి పత్రికలు? – ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: 1914లో బ్రిటన్ విలేకరులను యుద్ధరంగానికి రానివ్వలేదు. బదులుగా కర్నల్ స్వింటన్ అనే సైనికాధికారి 'ప్రత్యక్షసాక్షి' పేరుతో వార్తలు రాస్తే యుద్ధమంత్రి కిచెనర్ చూశాకే పత్రికలకు అందేవి. 1915లో కొద్దిమందిని అనుమతించారు, వాళ్ల వార్తలూ సైనిక సెన్సారు చేతిమీదుగానే వెళ్లేవి. మన దేశంలో 1910 ప్రెస్ చట్టం అప్పటికే ఉంది, 1915లో భారత రక్షణ చట్టం తోడైంది. ప్రెస్ చట్టం కింద పత్రిక ప్రభుత్వం దగ్గర కట్టిన జామీను సొమ్ము జప్తు చేయవచ్చు. చిన్న పత్రికకు ఆ దెబ్బ తగిలితే మూతపడటమే.