ఎలక్ట్రిక్ కారు కొనాలా? ముందు మీ డాబా మీదకి చూడండి

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్, సొంత ఇల్లు. గుంటూరులో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. రోజూ కారులోనే వెళ్లొస్తాను, రానూపోనూ 80 కిలోమీటర్లు. మా పెట్రోలు కారుకు ఏడేళ్లు. 2024 బుడమేరు వరదలో మునిగి రిపేరయింది, ఇప్పుడు అమ్మితే లక్షన్నర వస్తుందంటున్నారు. ఎలక్ట్రిక్ కారు ఆన్‌రోడ్ 15.5 లక్షలు, అదే మోడల్ పెట్రోలులో 12 లక్షలు. బాబు ఇంజినీరింగ్ ఫీజులకు దాచిన 4 లక్షల ఎఫ్‌డీ తీసి, 10 లక్షలు లోన్ తీసుకుందామనుకుంటున్నాను. పెట్రోలు ఖర్చు మిగిలి ఈఎంఐ దానంతట అదే కట్టుకుంటుందని, వడ్డీపై లక్షన్నర వరకు పన్ను మినహాయింపు ఉందని షోరూంలో చెప్పారు. మా అబ్బాయేమో 'ఇబ్రహీంపట్నంలో బొగ్గు కాల్చి తీసిన కరెంటుతో నడిపితే పర్యావరణానికి ఏం మేలు?' అంటున్నాడు. వచ్చే వేసవిలో నాకు బదిలీ తప్పకపోవచ్చు. ఇంట్లో రెండు ఏసీలు, కరెంటు నెలకు 400 యూనిట్ల దాకా అవుతుంది. ఏం చేయమంటారు?

జవాబు: మేడమ్, ప్రశ్న చివర్లో మీరు బదిలీ మాట రాశారు. నా లెక్క అక్కడే మొదలవుతుంది.

మీరు ఏడాదికి సుమారు 20,000 కిలోమీటర్లు తిరుగుతున్నారు. లీటరుకు 16 కిలోమీటర్లు, పెట్రోలు 110 రూపాయలు అనుకుంటే ఏడాదికి 1.37 లక్షలు. ఎలక్ట్రిక్ కారు, ఛార్జింగ్‌లో పోయే కరెంటు కూడా కలిపి, యూనిట్‌కు 6 కిలోమీటర్లు ఇస్తుందని లెక్కేద్దాం. యూనిట్ ధర ఎంతన్న దగ్గరే చాలామంది పొరపడతారు. బిల్లులో సగటు చూసి ఆరు రూపాయలు అనుకుంటారు. మీ ఇల్లు ఇప్పటికే 400 యూనిట్ల దగ్గర ఉంది కాబట్టి కారుకు వాడే ప్రతి యూనిట్ 9.75 రూపాయల పై శ్లాబులో పడుతుంది. ట్రూఅప్ ఛార్జీలూ (గత ఖర్చుల తేడాను తర్వాతి బిల్లుల్లో వేసేవి) అవీ కలిపి 11 వేసుకోండి. అలా చూసినా ఏడాదికి 37 వేలే. అంటే లక్ష రూపాయలు మిగులుతాయి, కిలోమీటరుకు 5 రూపాయలు. రెండు కార్ల ధరలో ఉన్న 3.5 లక్షల తేడా మూడున్నరేళ్లలో తీరిపోతుంది. ఇది నిజంగా మంచి లెక్క.

ఇప్పుడు బదిలీలో విజయవాడే వచ్చిందనుకోండి. ఏడాదికి 6,000 కిలోమీటర్లు తిరిగితే ఎక్కువ. మిగిలేది 30 వేలు. అదే 3.5 లక్షలు తీరడానికి పదకొండేళ్లు దాటుతుంది. ఈ కార్లలో చాలావాటి బ్యాటరీకి వారంటీ 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లే. ఒక్క బదిలీ ఆర్డరుతో లాభం నష్టంగా మారే కొనుగోలును ఆ ఆర్డరు రాకముందే చేయడం ఎందుకు? కాస్త ఆగండి.

ఈఎంఐ దానంతట అదే కట్టుకుంటుందన్న మాట నమ్మకండి. 10 లక్షలకు 9 శాతం వడ్డీతో ఏడేళ్లకు నెలకు దాదాపు 16,100 కట్టాలి. పెట్రోలు మీద నెలకు మిగిలేది 8,400. మిగతా సగం మీ జీతంలోంచి పోవాల్సిందే. ఇక పన్ను మినహాయింపు. సెక్షన్ 80ఈఈబీ కింద లక్షన్నర అన్నది 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 మధ్య మంజూరైన లోన్లకు మాత్రమే. మీరు ఇప్పుడు తీసుకునే లోన్‌కు అది రాదు. ఎలక్ట్రిక్ కారుపై జీఎస్టీ 5 శాతమే అన్నది నిజం, కానీ అది మీ కొటేషన్ ధరలో ఇప్పటికే కలిసి ఉంది.

బాబు ఫీజుల ఎఫ్‌డీని మాత్రం ముట్టుకోకండి. కారు ఏడాది ఆలస్యమైతే ఏమీ కాదు, కాలేజీ ఫీజు గడువు ఆగదు.

బాబు అడిగినది తేలిగ్గా తీసేసే ప్రశ్న కాదు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ నడిచేది బొగ్గుతోనే. దేశం మొత్తం గ్రిడ్ సగటు తీసుకుంటే ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోలు. మీ 20,000 కిలోమీటర్లకు పెట్రోలు కారు దాదాపు 2.9 టన్నులు వదిలితే, ఎలక్ట్రిక్ కారు కోసం కరెంటు కేంద్రాల్లో 2.3 టన్నులు వెలువడతాయి. తేడా అర టన్ను పైచిలుకు. ముడి చమురు శుద్ధి, రవాణా కూడా కలిపితే ఇంకొంత పెరుగుతుంది. మరోవైపు, అంత పెద్ద బ్యాటరీ తయారీలోనే టన్నుల కొద్దీ వాయువులు వెలువడి ఉంటాయి. అది తీరడానికి మీలా రోజూ తిరిగేవారికే కొన్నేళ్లు పడుతుంది, తక్కువ తిరిగేవారికి ఇంకా ఎక్కువ. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర పొగ వదలకపోవడం మాత్రం మొదటి రోజు నుంచే మేలు. అక్కడ రోజూ నిలబడే ట్రాఫిక్ పోలీసులు, ఆటోవాళ్లు పీల్చేది ఆ గాలే కదా.

మేడమ్, మీకు సొంత డాబా ఉంది. నేను ముందు చేయమనేది కారు పని కాదు, డాబా పని. 3 కిలోవాట్ల సోలార్ పెడితే నెలకు 360 యూనిట్ల వరకు వస్తాయి. పీఎం సూర్యఘర్ పథకంలో 78,000 సబ్సిడీ ఉంది. అది పోను మీకు సుమారు 1.2 లక్షలు పడుతుంది. దానికి తాకట్టు లేని బ్యాంకు లోన్ కూడా ఇస్తున్నారు కాబట్టి ఎఫ్‌డీ జోలికి వెళ్లక్కర్లేదు. మీ బిల్లులో ఏడాదికి 30 వేల దాకా తగ్గుతుంది, నాలుగేళ్లలో పెట్టుబడి వెనక్కి వస్తుంది. మిమ్మల్ని ఎక్కడికి బదిలీ చేసినా ఈ లెక్క మారదు. బాబుకు కూడా చెప్పండి, ఆ ప్యానెళ్లు ఏడాదికి 3 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గిస్తాయి. కారు మార్చితే తగ్గేదానికి ఇది దాదాపు అయిదు రెట్లు.

తర్వాత కారు కొన్నా సోలార్ పనికొస్తుంది. పగలు కారు గుంటూరులో ఉంటుంది, ఛార్జింగ్ రాత్రే. నెట్ మీటరింగ్‌లో పగలు మీరు గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్లు రాత్రి వాడకంలో సర్దుబాటవుతాయి. అప్పుడు కారు యూనిట్లు కింది శ్లాబుల నుంచి లెక్కకు వచ్చి, యూనిట్ ఆరేడు రూపాయలకు దిగుతుంది.

వేసవి దాకా పాత కారునే నడపండి. ఆటోనగర్‌లో నమ్మకమైన మెకానిక్‌తో ఒకసారి పూర్తిగా చూపించండి, ముఖ్యంగా వైరింగ్, బ్రేకులు. ఈలోగా బ్యాంకులో నెలకు 8,000 ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) కట్టండి. 10 లక్షల లోన్ ఈఎంఐలో మీ జేబులోంచి పడే భారం దాదాపు అంతే కాబట్టి, అది మోయగలరో లేదో ఇప్పుడే తెలిసిపోతుంది. గుంటూరులోనే ఉంచినా, ఇంకా దూరం వేసినా, ఆ డబ్బు కూడా వేసి ఎలక్ట్రిక్ కారే కొనండి. ఎఫ్‌డీ తీయరు కాబట్టి లోన్ 10 లక్షలు దాటితే ఈఎంఐ కూడా ఆ మేరకు పెరుగుతుందని గుర్తుంచుకోండి. విజయవాడ వస్తే ఉన్న కారుతోనే సర్దుకోండి.

కొనే రోజున ఇన్సూరెన్స్ దగ్గర తొందరపడకండి. థర్డ్ పార్టీ ప్రీమియంలో ఎలక్ట్రిక్ కార్లకు 15 శాతం తగ్గింపు ఉంది, అది వేశారో లేదో చూసుకోండి. మీ వీధి మీకు తెలుసు. బ్యాటరీలకు ఇచ్చే ఐపీ67 రేటింగ్ అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకోవడమే. 2024లో సింగ్‌నగర్‌లో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. అందుకే జీరో డిప్రిసియేషన్‌తో (విడిభాగాల తరుగు కోయకుండా క్లెయిమ్ ఇచ్చే కవర్) పాటు బ్యాటరీ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ తప్పనిసరిగా తీసుకోండి, నీళ్లలో మునిగినప్పుడు వర్తిస్తుందని పాలసీ కాగితంలో చదివాకే డబ్బు కట్టండి. ఛార్జింగ్ పాయింటు వరద నీరు చేరిన గుర్తు కంటే పైన పెట్టించండి. ఎర్తింగ్ పరీక్ష చేయించి, కరెంటు ఆఫీసులో లోడ్ పెంచమని సోలార్ దరఖాస్తుతో పాటే అడిగేయండి.