అటక మీద దొరికిన పాత గ్రామఫోను రికార్డులను స్పిరిట్‌తో తుడవవచ్చా?

తాతగారి ఇంటి అటక మీద నుంచి దించిన పెట్టెలో దుమ్ము, బూజు పట్టిన పాత రికార్డులు దొరికాయని, వాటిని ఇంట్లోనే స్పిరిట్‌తో తుడిచి పాత ప్లేయరు మీద వేసుకోవచ్చా అని మీరు అడిగారు. స్పిరిట్ సీసా మూత తీయక ముందే ఈ సమాధానం మీ కంట పడాలని కోరుకుంటున్నాను, ఎందుకంటే నేను సరిగ్గా అదే పని చేసి ఒక రికార్డును పోగొట్టుకున్నాను.

మా తాతగారికి పద్యనాటకాలంటే ప్రాణం. ఆయన పెట్టెలో స్థానం నరసింహారావు గారి కాలం నాటి పద్యాల ప్లేట్ల నుంచి ఘంటసాల ఎల్పీల (ఎక్కువసేపు పాడే వినైల్ రికార్డుల) దాకా అన్నీ కలగలిసి ఉండేవి. మందుల దుకాణంలో కొన్న స్పిరిట్‌ను దూదికి అద్ది మొదటి ప్లేటును తుడవగానే దూది నల్లబడింది. ఎంత మురికి వదులుతోందో అని సంతోషపడి ఇంకా గట్టిగా రుద్దాను. ఆరిన తరువాత చూస్తే మెరుపు పోయి, తుడిచినంత మేర ప్లేటు బొగ్గు రంగుకు తిరిగింది. ముల్లు పెడితే పద్యానికి బదులు గరగర మాత్రమే వినిపించింది. దూదికి అంటినది మురికి కాదు, ప్లేటే. వడ్రంగులు లక్కను స్పిరిట్‌లో కరిగించి కర్రకు పాలిష్ పెట్టడం చిన్నప్పటి నుంచి చూసినవాడినే, అయినా ఆ ప్లేటు కూడా లక్కతో చేసినదేనని ఆ క్షణాన తట్టలేదు.

కాబట్టి ముందుగా పెట్టెలోని రికార్డులను రెండు వరుసలుగా విడదీయండి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లు ఎక్కువగా పది అంగుళాల వెడల్పుతో, బరువుగా, పెళుసుగా ఉంటాయి. ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలకు మించి పాట పట్టదు, చేయి జారితే పెంకులా పగులుతాయి. వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసిన రికార్డు తేలికగా ఉండి కాస్త వంగుతుంది, లేబుల్ మీద 33⅓ లేదా 45 అని ఉంటుంది. పాట వచ్చిన సంవత్సరాన్ని బట్టి మాత్రం నిర్ణయించకండి. అమెరికాలో వినైల్ ఎల్పీ 1948లోనే వచ్చినా, మన దేశంలో 1960లలో కూడా లక్క ప్లేట్లు తయారయ్యాయి, అందువల్ల ఆ దశాబ్దపు సినిమా పాట లక్క మీద ఉన్నా ఆశ్చర్యం లేదు. అనుమానంగా ఉన్నదాన్ని లక్క కిందే జమకట్టి, స్పిరిట్ కలిసిన ఏ ద్రావణాన్నీ దాని దగ్గరికి రానివ్వకండి.

బూజు దులపడం ఇంటి బయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని చేయవలసిన పని. పొడి దుమ్మును మెత్తని కుంచెతో ముందే తీసేయాలి, లేకపోతే తడి తగలగానే అది బురదై గాడుల్లోకి దిగుతుంది. తరువాత ఒక లీటరు డిస్టిల్డ్ నీటిలో గిన్నెలు తోమే ద్రవం రెండు మూడు చుక్కలు, అంతకు మించకుండా, కలపండి. ఇన్వర్టరు బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ నీరే సరిపోతుంది, కానీ కొనేటప్పుడు అది యాసిడ్ కాదని సీసా మీద చదివి మరీ తీసుకోండి. మా ఇంటి బోరు నీటితో ఒకసారి కడిగితే ఆరాక గాడుల్లో తెల్లని పొర మిగిలి, కడగక ముందుకన్నా ఎక్కువ చిటపటలు వినిపించాయి. కుళాయి నీరు వద్దనడం చాదస్తమేమీ కాదు.

లేబుల్ కాగితం తడవకుండా దాని మీద సరిపడే ప్లాస్టిక్ మూతను అదిమి పట్టుకుని, మెత్తని కుంచెతో గాడి సాగిన దిక్కుగానే గుండ్రంగా తుడవాలి. మధ్య నుంచి అంచుకు అడ్డంగా గీయకూడదు. ఎల్పీ గాడి తలవెంట్రుక మందాన ఉంటుంది కనుక గుడ్డ దాని అడుగు దాకా చేరదు, సన్నని వెంట్రుకల కుంచె మాత్రమే చేరుతుంది. తరువాత సబ్బు కలపని డిస్టిల్డ్ నీటితో మరొకసారి కడగండి. చాలామంది ఈ రెండో కడుగుడు దగ్గరే బద్ధకిస్తారు. ఏ ద్రవంతో తోమామన్నదాని కన్నా ఆ ద్రవం గాడిలో మిగలకుండా పోయిందా లేదా అన్నదే ముఖ్యమని నా అనుభవం. లక్క ప్లేట్లకూ ఇదే పద్ధతి, అయితే నానబెట్టకుండా, తడి గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టాలి. కొన్నింటి లోపల కాగితపు పొర ఉంటుంది, పగులులోంచి నీరు చేరితే అది ఉబ్బుతుంది. వేడినీరు దేనికీ పనికిరాదు.

ఆరబెట్టడానికి నేను వంటింటి కంచాల స్టాండును వాడతాను. నీడలోనే సుమా! ఏప్రిల్ నెలలో ఒక ఎల్పీని కారు వెనుక సీటు మీద గంటసేపు మరచిపోతే అప్పడంలా వంకర తిరిగింది, గాజు పలకల మధ్య పెట్టినా పూర్తిగా తిన్నగా కాలేదు. ఆరిన వాటిని పాత బూజు సంచుల్లోకి మళ్లీ తోయకుండా కొత్త లోపలి సంచుల్లో పెట్టి, పుస్తకాల్లా నిలువుగా, ఒరిగిపోకుండా అమర్చండి. అట్టల మీద మెత్తగా అంటుకునే పాత ప్లాస్టిక్ తొడుగులుంటే తీసేయడమే మంచిది, అవి ఏళ్ల తరబడి అంటుకుని ఉంటే రికార్డు మీద పొగమంచులాంటి మరక పడుతుంది.

ఇంత చేసినా కొన్ని గరగరలు పోవు. మా పద్యాల ప్లేట్లలో నటుడు రాగం అందుకుని పై స్థాయికి వెళ్లిన చోటల్లా గాడి బూడిద రంగుకు తిరిగి ఉంది. తాతగారు ఇంట్లో కూర్చునే వన్స్‌మోర్ అంటూ ఉక్కు ముల్లుతో ఆ చోటే మళ్లీ మళ్లీ వేసుకున్నారు కాబోలు. అది అరుగుదల, కడిగితే తిరిగి వచ్చేది కాదు. అలాంటివాటిని శుభ్రం చేయగానే ఒకసారి కంప్యూటరులోకి ఎక్కించుకుని, ఆ తరువాత దాన్నే వింటున్నాను.

ఇక మీ ప్లేయరు సంగతి. కడిగిన రికార్డు మీద అరిగిన ముల్లు పెడితే పడిన శ్రమంతా వృథా. ఎల్పీకి వాడే ముల్లు మొన సుమారు 18 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు), 78 ప్లేటుకు వాడేది సుమారు 75 మైక్రాన్లు, కాబట్టి ఒకటి రెండోదానికి పనికిరాదు. పాత ప్లేయర్లలో చాలావాటికి ముల్లును తిప్పే చిన్న మీట ఉంటుంది, వేసే ముందు అది ఏ వైపు ఉందో చూసుకోండి. ఆ పెట్టెతో పాటు చేత్తో కీ తిప్పే గ్రామఫోను కూడా దొరికి ఉంటే, దాని మీద లక్క ప్లేట్లను మాత్రమే, ఒక్కో వైపుకు ఒక కొత్త ఉక్కు ముల్లు చొప్పున మారుస్తూ వేయండి. దాని ముల్లు బిగించే సౌండ్‌బాక్సు వంద గ్రాములకు పైగా బరువుతో గాడి మీద ఆనుతుంది, వినైల్ రికార్డును ఒక్కసారి వేసినా చెక్కేస్తుంది.